స్మార్ట్‌ఫోన్‌లో పెద్ద కంపెనీల పట్టు తగ్గించుకోవడం ఎలా? నమాజ్ యాప్ నుంచి యూపీఐ దాకా

మన ఇళ్లల్లో ఫోన్ కొనగానే జరిగే పని ఒకటుంది. షాపులో అబ్బాయి సిమ్ వేస్తాడు, ఒక జీమెయిల్ ఖాతా తెరుస్తాడు, పాస్‌వర్డ్ తనకు తోచింది పెడతాడు, వాట్సాప్ ఎక్కించి చేతికిస్తాడు. ఆ పాస్‌వర్డ్ ఏంటో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఫోన్ బాగా పనిచేసినంత కాలం ఆ మాటే గుర్తుకు రాదు.

నిరుడు మా అమ్మీ ఫోన్ ఆటోలో పోయింది. పాత నంబరు మీదే కొత్త సిమ్ తీసుకున్నాం, కొత్త ఫోన్ కొన్నాం. పాత ఖాతా తెరవబోతే, పోయిన ఫోన్‌లో వచ్చిన నోటిఫికేషన్ నొక్కమని అడిగింది. వేరే దారి ఏదైనా ఉందా అంటే, ఎవరిదో తెలియని ఒక మెయిల్‌కు కోడ్ పంపింది. అది ఖాతా తెరిచిన షాపు అబ్బాయిది. అతను ఆ పని మానేసి ఏడాదైంది. నానీమా చివరి ఈద్ ఫోటోలు, మూడు వందల మంది నంబర్లు, చీటీ లెక్కలు అన్నీ ఆ ఖాతాలోనే. అది ఇప్పటికీ తెరుచుకోలేదు.

ఈ వ్యాసం ఆ అనుభవం తర్వాత రాసుకున్న నోట్సు నుంచి తయారైంది. ఫోన్ పారేయమని గానీ, వాట్సాప్ తీసేయమని గానీ ఇందులో చెప్పడం లేదు. ఇల్లంతా ఒకే కంపెనీ ఇచ్చిన ఒకే తాళంచెవి మీద నిలబడకుండా ఎలా చూసుకోవాలి, ఏది సులువు, ఏది కష్టం, ఏది అసలు కుదరదు అన్నది వరుసగా చూద్దాం.

ఫోన్ ఇక్కడిదే, లోపలి సరుకు?

తిరుపతి జిల్లాలోని శ్రీసిటీ (అప్పట్లో ఉమ్మడి చిత్తూరు జిల్లా) లో ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీ ఉంది. 2015 ఆగస్టులో షావోమీ 'మేడ్ ఇన్ ఇండియా' అని తెచ్చిన మొదటి ఫోన్ రెడ్‌మీ 2 ప్రైమ్ అక్కడే తయారైంది. అంటే మన చేతిలో ఉన్న ఫోన్‌ను మన జిల్లా ఆడపిల్లలే బిగించి ఉండొచ్చు. కానీ అందులో నడిచే ఆండ్రాయిడ్, ప్లే స్టోర్, మ్యాప్స్, జీమెయిల్, క్రోమ్, యూట్యూబ్ అన్నీ గూగుల్‌వి. వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ మెటావి. వాట్సాప్‌ను ఫేస్‌బుక్ 2014లోనే కొనేసింది.

ఇలా ఒకరిద్దరి చేతిలో అన్నీ ఉంటే ఏమవుతుందో ఒకసారి చూశాం. 2021 అక్టోబర్ 4 రాత్రి ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ ఒకేసారి దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి. 2022 అక్టోబర్ 25 మధ్యాహ్నం వాట్సాప్ మళ్లీ సుమారు రెండు గంటలు నిలిచిపోయింది. ఆర్డర్లు వాట్సాప్‌లోనే తీసుకునే బిర్యానీ హోటల్‌కూ, గల్ఫ్‌లో ఉన్న భర్తతో రోజూ మాట్లాడే ఇల్లాలికీ ఆ గంటల్లో వేరే దారి లేకపోయింది.

నమాజ్ యాప్ నేర్పిన పాఠం

'మా దగ్గర దాచాల్సింది ఏముంది?' అని చాలామంది అంటారు. 2020 నవంబర్‌లో బయటపడిన సంగతి మన వాళ్లందరూ ఒకసారి తెలుసుకోవాలి.

ముస్లిం ప్రో అనే నమాజ్ వేళల యాప్‌ను అప్పటికి ప్రపంచంలో 9.8 కోట్ల సార్లకు పైగా డౌన్‌లోడ్ చేశారు. ఆ యాప్ తన వినియోగదారులు ఎక్కడ తిరుగుతున్నారో చెప్పే సమాచారాన్ని ఎక్స్-మోడ్ అనే అమెరికా కంపెనీకి పంపుతోందని మదర్‌బోర్డ్ అనే వార్తాసంస్థ రాసింది. ఎక్స్-మోడ్ ఖాతాదారుల్లో అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లు ఉన్నారు. వార్త వచ్చాక ముస్లిం ప్రో తాము సైన్యానికి ఏదీ అమ్మలేదని చెప్పి, ఎక్స్-మోడ్‌తో సహా అలాంటి భాగస్వాములందరితో సంబంధం తెంచుకుంటున్నట్లు ప్రకటించింది. రెండు నెలలకే, 2021 జనవరిలో, సలాత్ ఫస్ట్ అనే మరో నమాజ్ యాప్ గురించీ ఇలాంటి వార్తే వచ్చింది. అది లొకేషన్ ఇచ్చింది ప్రెడిసియో అనే ఫ్రెంచ్ కంపెనీకి. 2022 ఏప్రిల్‌లో అల్-మోజిన్ లైట్ అనే అజాన్ యాప్‌లో వేరే కంపెనీ కోడ్ ముక్క దాగి ఉందని పరిశోధకులు కనిపెట్టారు. ఆ కోడ్ ఉన్న యాప్‌లను గూగుల్ ప్లే స్టోర్ నుంచి తీసేసింది.

ఇది ఎలా జరుగుతుంది? యాప్ తయారు చేసేవాళ్లు దాన్ని మనకు ఉచితంగా ఇస్తారు. ఖర్చు రాబట్టుకోవడానికి వేరే కంపెనీ ఇచ్చిన కోడ్ ముక్కను తమ యాప్‌లో కలుపుతారు. మనం నమాజ్ వేళల కోసం లొకేషన్‌కు 'అలౌ' నొక్కితే, ఆ అనుమతి ఆ ముక్కకు కూడా వర్తిస్తుంది. మనం రోజూ ఏ మసీదుకు వెళ్తున్నాం, రాత్రి ఎక్కడ పడుకుంటున్నాం, ఏ ఆస్పత్రిలో ఎంతసేపు ఉన్నాం అన్నీ అందులో పడతాయి. పేరు లేకపోయినా, రాత్రి ఉండే ఇల్లు, పగలు వెళ్లే చోటు కలిపితే మనిషి ఎవరో తెలిసిపోతుంది.

2024 జనవరిలో అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్, అప్పటికి అవుట్‌లాజిక్ అని పేరు మార్చుకున్న ఎక్స్-మోడ్, ఆస్పత్రులు, ప్రార్థనా స్థలాల వంటి సున్నితమైన చోట్ల లొకేషన్ సమాచారం అమ్మకూడదని ఆదేశించింది. ఆ ఆదేశం ఆ ఒక్క కంపెనీకే వర్తిస్తుంది. మన ఫోన్‌లో అనుమతులు మాత్రం మనమే చూసుకోవాలి.

ముందు ఒక కాగితం తీసుకోండి

నేను చదివింది బీకాం. మాకు మొదట నేర్పింది ఎవరికి ఎంత బాకీ ఉన్నామో రాసుకోవడం. ఫోన్‌కూ అదే పని చేయండి. కాగితం మీద మూడు గడులు గీయండి. మొదటి గడిలో పని, రెండో గడిలో ఇప్పుడు ఆ పని చేస్తున్న యాప్, మూడో గడిలో 'రేపు ఇది ఆగిపోతే ఏం చేస్తాం?' అని రాయండి. ఫోటోలు, నంబర్లు, మెయిల్, మెసేజులు, డబ్బు, దారి చూపడం, పిల్లల చదువు, నమాజ్ వేళలు ఇలా ఎనిమిది పది వరుసలు వస్తాయి. మూడో గడి ఖాళీగా ఉన్న వరుసలే మన అసలు బాకీ. అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఏ యాప్ మార్చకుండా మొదటి రోజే చేసుకోగలిగినవి

1. ఖాతా పాస్‌వర్డ్ మీరే కొత్తది పెట్టండి. రికవరీ నంబరు, రికవరీ మెయిల్ ఎవరివి ఉన్నాయో చూడండి. షాపు వాళ్లవి ఉంటే తీసేసి ఇంట్లో వాళ్లవి పెట్టండి. గూగుల్ ఖాతా సెక్యూరిటీ భాగంలో 'బ్యాకప్ కోడ్స్' అని పది కోడ్‌లు ఇస్తారు. వాటిని కాగితం మీద రాసి రేషన్ కార్డు, పాస్‌పోర్టు పెట్టే చోటే పెట్టండి. మా ఇంట్లో ఈ ఒక్క కాగితం ఉండుంటే ఆ ఫోటోలు పోయేవి కావు.

2. సెట్టింగ్స్‌లో లొకేషన్, ఆ తర్వాత యాప్ పర్మిషన్స్ తెరవండి. 'ఆల్ ద టైమ్' అని ఉన్న ప్రతి యాప్‌నూ 'వాడుతున్నప్పుడు మాత్రమే' అని గానీ, 'డోంట్ అలౌ' అని గానీ మార్చండి. ఆండ్రాయిడ్ 12, ఆ తర్వాతి ఫోన్లలో 'ప్రిసైజ్ లొకేషన్' ఆపేసే మీట కూడా ఉంటుంది. అది ఆపితే యాప్‌కు ఊరు తెలుస్తుంది గానీ ఇల్లు తెలియదు.

3. సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద గానీ గూగుల్ కింద గానీ 'యాడ్స్' అని ఉంటుంది. అందులో 'డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడీ' నొక్కండి. రకరకాల యాప్‌లలో ఉన్న మన సమాచారాన్ని ఒకచోట కుట్టే దారం ఈ నంబరే.

4. గూగుల్ ఖాతాలో 'వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ', 'టైమ్‌లైన్' ఆపేయండి. పూర్తిగా ఆపడం ఇష్టం లేకపోతే మూడు నెలలకోసారి దానంతటదే చెరిగిపోయేలా పెట్టుకోవచ్చు.

5. వాడని యాప్‌లు తీసేయండి. ఫోన్‌తో పాటే వచ్చినవి చాలావరకు తీయడానికి రావు. వాటిని 'డిసేబుల్' చేస్తే చాలు, వెనకాల నడవవు.

6. వాట్సాప్ మెసేజులకు 2016 నుంచి రెండు వైపులా తాళం ఉంది. కానీ గూగుల్ డ్రైవ్‌లోకి వెళ్లే బ్యాకప్‌కు మనం విడిగా తాళం వేయాలి. చాట్స్, చాట్ బ్యాకప్, 'ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్' ఆన్ చేసి, ఆ పాస్‌వర్డ్ కూడా కాగితం మీద రాసుకోండి. అది మరిచిపోతే మీకు కూడా తెరుచుకోదు.

ఐఫోన్ వాడేవాళ్లకు కూడా ఇందులో చాలావరకు వర్తిస్తుంది. ప్రైవసీ, ట్రాకింగ్ అనే చోట 'యాప్‌లు అడగడానికి అనుమతించు' అన్న మీట ఆపేస్తే సరి.

నమాజ్ వేళలకు లొకేషన్ ఇవ్వనక్కర్లేదు

నమాజ్ వేళలు సూర్యుడి లెక్క. ఊరి అక్షాంశం, రేఖాంశం, తేదీ తెలిస్తే ఫోన్ ఇంటర్నెట్ లేకుండానే లెక్కగడుతుంది. మన ఊళ్లు ఎక్కడికీ కదలవు కాబట్టి అంకెలు ఒకసారి చేత్తో కొట్టేస్తే చాలు.

తిరుపతి: అక్షాంశం 13.63 ఉత్తరం, రేఖాంశం 79.42 తూర్పు.
చిత్తూరు: అక్షాంశం 13.22, రేఖాంశం 79.10.
మదనపల్లె: అక్షాంశం 13.55, రేఖాంశం 78.50.

లెక్క పద్ధతి అడిగితే మన దేశంలో ఎక్కువగా వాడే 'యూనివర్సిటీ ఆఫ్ ఇస్లామిక్ సైన్సెస్, కరాచీ' ఎంచుకోండి. అందులో ఫజర్‌కూ ఇషాకూ 18 డిగ్రీలు. అసర్‌కు మీరు హనఫీ అయితే హనఫీ అని మార్చుకోవాలి. చాలా యాప్‌లలో ముందే వేరేది పెట్టి ఉంటుంది, అందుకే అసర్ తొందరగా చూపిస్తుంది. రేఖాంశం ఒక డిగ్రీ మారితే నాలుగు నిమిషాల తేడా వస్తుంది. తిరుపతికీ చిత్తూరుకూ ఒకటిన్నర నిమిషం కూడా లేదు. తిరుపతికీ మదనపల్లెకూ మాత్రం దాదాపు నాలుగు నిమిషాలు. మగ్రిబ్ వేళ తిరుపతి కేలండర్ చూసి మదనపల్లెలో ఇఫ్తార్ చేస్తే ఆ నాలుగు నిమిషాలే పెద్ద తేడా. యాప్ ఏం చెప్పినా మీ మసీదు బోర్డుతో ఒకసారి సరిచూసుకోండి.

ఖిబ్లా కోసం కూడా లొకేషన్ అక్కర్లేదు. తిరుపతి, చిత్తూరు రెండు ఊళ్ల నుంచీ ఖిబ్లా 287, 288 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంటే సరిగ్గా పడమరకు తిరిగి, అక్కడి నుంచి ఉత్తరం వైపు 17, 18 డిగ్రీలు జరగాలి. మామూలు దిక్సూచి చాలు.

అల్-అజాన్ అనే యాప్ ఇలా అంకెలు కొట్టి వాడుకోవడానికి పనికొస్తుంది. దాని కోడ్‌ను ఎవరైనా తెరిచి చూడొచ్చు, అది ఎఫ్-డ్రాయిడ్‌లో దొరుకుతుంది. కురాన్ చదవడానికి 'కురాన్ ఫర్ ఆండ్రాయిడ్' యాప్ కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంది.

ప్లే స్టోర్ కాకుండా మరో అంగడి

ఎఫ్-డ్రాయిడ్ 2010 నుంచి ఉన్న యాప్‌ల అంగడి. ఇందులో కోడ్ బహిరంగంగా ఉన్న యాప్‌లు మాత్రమే పెడతారు. ఖాతా తెరవనక్కర్లేదు, డబ్బు కట్టనక్కర్లేదు. ఏదైనా యాప్‌లో ప్రకటనలు గానీ, నిఘా గానీ ఉంటే ముందే హెచ్చరిక రాసి ఉంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఎఫ్-డ్రాయిడ్ ఎక్కించడానికి 'అన్‌నోన్ యాప్స్' అనుమతి అడుగుతుంది. మొదట డౌన్‌లోడ్ చేసిన బ్రౌజర్‌కు ఇచ్చిన ఆ అనుమతి పని అయ్యాక తీసేయండి. ఆ తర్వాత ఎఫ్-డ్రాయిడ్ ఒక్కదానికే ఉంచండి. వాట్సాప్‌కు మాత్రం ఎప్పుడూ ఇవ్వొద్దు. పెళ్లి కార్డు అని, ఆర్టీఓ చలానా అని, బ్యాంకు కేవైసీ అని వాట్సాప్‌లో వచ్చే 'ఏపీకే' ఫైళ్లు నొక్కి ఖాతాలు ఖాళీ చేసుకున్నవాళ్లు మన రాష్ట్రంలో చాలామంది. అలా జరిగితే వెంటనే 1930కు ఫోన్ చేయాలి. పెద్ద కంపెనీ నుంచి తప్పించుకోబోయి దొంగ చేతిలో పడకూడదు.

ఈ అంగడి ముందు ఒక అడ్డంకి కూడా ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కే ప్రతి యాప్ తయారీదారూ తన వివరాలు తమ దగ్గర నమోదు చేసుకోవాలని గూగుల్ 2025 ఆగస్టులో ప్రకటించింది. 2026లో కొన్ని దేశాల్లో, 2027 నుంచి మిగతా ప్రపంచంలో అమలు చేస్తామంది. దీంతో తమ అంగడికే ముప్పు అని ఎఫ్-డ్రాయిడ్ అభ్యంతరం చెప్పింది. తెలిసి వాడేవాళ్లకు వేరే దారి ఉంచుతామని గూగుల్ ఆ తర్వాత చెప్పింది.

బ్రౌజర్, వెతుకులాట, కీబోర్డు

అన్నిటికన్నా సులువైన మార్పు ఇదే. క్రోమ్ బదులు ఫైర్‌ఫాక్స్ వాడొచ్చు. దాని వెనక ఉన్నది మొజిల్లా ఫౌండేషన్, అది లాభాపేక్ష లేని సంస్థ. తెలుగులోనూ ఉంది. అందులో యూబ్లాక్ ఆరిజిన్ అనే పొడిగింపు పెట్టుకుంటే ప్రకటనలు ఆగుతాయి, డేటా కూడా మిగులుతుంది. వెతకడానికి డక్‌డక్‌గో పెట్టుకోండి. తెలుగు వార్తలు, ఊరి వివరాల దగ్గర అది గూగుల్ అంత బాగా వెతకదు. అలాంటప్పుడు గూగుల్ తెరిచి చూడొచ్చు, తప్పేమీ లేదు. రోజూ వెతికే వంద మాటల్లో ఎనభై బయటికి పోకుండా ఉంటే అదే లాభం.

కీబోర్డు గురించి ఎవరూ ఆలోచించరు. మనం కొట్టే ప్రతి అక్షరం దాని గుండానే వెళ్తుంది. కేరళలో మలయాళ కంప్యూటింగ్ కోసం పనిచేసే వాలంటీర్ల కృషి నుంచి పుట్టిన ఇండిక్ కీబోర్డ్‌లో తెలుగు, ఉర్దూ, అరబీ మూడూ ఉన్నాయి. ఒకే ఇంట్లో మూడు లిపులు రాసే మనలాంటివాళ్లకు ఇది బాగా ఉపయోగం. మాట చెబితే రాసే సౌకర్యం కావాలంటే మాత్రం జీబోర్డే మెరుగు. వేళ్లు వంగని పెద్దవాళ్ల ఫోన్‌లో దాన్నే ఉంచండి.

తెలుగులో ఇలాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ అనే సంస్థ 2005 నుంచి పనిచేస్తోంది. తెలుగులో నడిచే స్వేచ్ఛ ఓఎస్‌ను కంప్యూటర్ల కోసం తయారు చేసింది వాళ్లే. ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివే మన పిల్లలు ఇలాంటి బృందాల్లో చేరితే ఇంటికీ పనికొస్తారు, చదువుకూ పనికొస్తుంది.

దారి చూపే మ్యాపులు

ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మ్‌అండ్ రెండూ 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నడుస్తాయి. వికీపీడియా లాగా జనమే దీన్ని గీస్తారు. ఆంధ్రప్రదేశ్ మ్యాప్ ఒకసారి దించుకుంటే ఇంటర్నెట్ లేకుండానే దారి చూపుతుంది. భాకరాపేట ఘాట్ లాంటి చోట సిగ్నల్ పోయినా పనిచేస్తుంది.

లోపం కూడా చెప్పాలి. ట్రాఫిక్ వివరాలు ఉండవు. చిన్న అంగళ్లు, సందులు చాలా చోట్ల లేవు. అయితే ఈ లోపం మనమే పూడ్చొచ్చు. మీ వీధి మసీదు, ఈద్గా, కబ్రస్తాన్, మదరసా, మంచినీళ్ల కుళాయి మ్యాప్‌లో లేకపోతే ఉచిత ఖాతా తెరిచి మీరే పెట్టొచ్చు, పేరు తెలుగులోనూ ఉర్దూలోనూ రాయొచ్చు. అలా పెట్టిన సమాచారం ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు.

మెసేజులు: అన్నిటికన్నా కష్టమైన చోటు

వాట్సాప్ వదలడం మన చేతిలో లేదు, ఎందుకంటే అవతలి మనిషి కూడా వదలాలి. పైగా ఇప్పుడు ప్రభుత్వమే అక్కడుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మెటాతో ఒప్పందం చేసుకుని 2025 జనవరి 30న 'మన మిత్ర' వాట్సాప్ గవర్నెన్స్ మొదలుపెట్టింది. మొదటి విడతలోనే 161 సేవలు పెట్టారు. సర్టిఫికెట్లు, కరెంటు బిల్లు, ఆర్టీసీ టికెట్లు ఫోన్‌లోనే అవుతున్నాయి. ఆఫీసుల చుట్టూ తిరిగే పని తగ్గింది, అది నిజమైన మేలు. అయితే వాట్సాప్ లేనివాళ్లకు పని ఆగిపోకూడదు. గ్రామ, వార్డు సచివాలయాల్లో దరఖాస్తు చేసుకునే దారి ఉందని మన పెద్దవాళ్లకు తెలిసుండాలి.

కాబట్టి ఇక్కడ తీసేయడం కన్నా పక్కన ఇంకొకటి పెట్టుకోవడమే మేలు. సిగ్నల్ అనే యాప్‌ను లాభాపేక్ష లేని ఫౌండేషన్ నడుపుతుంది. ప్రకటనలు లేవు. మెసేజులకే కాకుండా గ్రూపుల పేర్లకు, ప్రొఫైల్ ఫోటోలకూ తాళం ఉంటుంది. కోర్టు అడిగినా వాళ్ల దగ్గర ఉన్నది ఖాతా ఎప్పుడు తెరిచారు, చివరగా ఎప్పుడు వాడారు అన్న రెండు ముక్కలే. మొదట ఇంట్లో నలుగురైదుగురితో ఒక గ్రూపు పెట్టండి. ఆధార్ ఫోటోలు, ఆస్పత్రి రిపోర్టులు, నిఖా మాటలు, డబ్బు విషయాలు అక్కడ మాట్లాడుకోండి. పెద్ద గ్రూపులు వాట్సాప్‌లోనే ఉండనివ్వండి.

గల్ఫ్‌లో మనవాళ్లు ఉన్న ఇళ్లకు ఒక మాట. దుబాయ్‌తో సహా యూఏఈలో వాట్సాప్ కాల్స్ లాగే సిగ్నల్ కాల్స్ కూడా పనిచేయవు. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్‌లే దిక్కు. మెసేజులకు సిగ్నల్, మాటలకు బోటిమ్ అని రెండుగా పెట్టుకోవాలి.

జోహో కంపెనీ అరట్టై గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. చెన్నై కంపెనీ, తిరుపతి పక్కన రేణిగుంటలోనూ వాళ్ల ఆఫీసు ఉంది. 2021 జనవరిలో తెచ్చిన ఈ యాప్‌ను 2025 సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో జనం ఎగబడి ఎక్కించుకున్నారు. అప్పటికి కాల్స్‌కు రెండు వైపులా తాళం ఉంది గానీ మామూలు మెసేజులకు లేదు. ఎక్కించుకునే ముందు చాట్ సెట్టింగుల్లో ఆ తాళం ఉందో లేదో చూసుకోండి. మన దేశపు కంపెనీ అయినంత మాత్రాన ఆ ప్రశ్న అడగడం మానకూడదు.

మెయిల్, ఫోటోలు

మెయిల్ ఒక్కరోజులో మార్చేది కాదు. టూటా (జర్మనీ), జోహో మెయిల్ లాంటి చోట కొత్త చిరునామా తెరిచి, మొదట బ్యాంకు, తర్వాత పాస్‌పోర్టు, ఎల్‌ఐసీ, కాలేజీ ఇలా నెలకు రెండు మూడు చొప్పున మార్చండి. పాత జీమెయిల్ ఒక ఏడాది ఉంచండి. పెద్దవాళ్లు పోయాక వాళ్ల ఖాతా అలాగే వదిలేస్తే ఇంకో నష్టం ఉంది. రెండేళ్లు ఎవరూ తెరవని ఖాతాలను ఫోటోలతో సహా తీసేసే నిబంధన గూగుల్ 2023 డిసెంబర్ నుంచి అమలు చేస్తోంది.

ఫోటోల విషయంలో గూగుల్ 2021 జూన్ 1న 'ఎన్నైనా ఉచితం' అన్న పద్ధతి ఆపేసింది. ఇప్పుడు మెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నిటికీ కలిపి 15 జీబీ. నిండాక నెలనెలా డబ్బు కట్టాలి, లేదా తీసేయాలి. అన్నిటికన్నా చవకైన దారి ఫోన్‌కు నేరుగా గుచ్చే ఓటీజీ పెన్‌డ్రైవ్. ప్రతి ఈద్‌కూ ఒకసారి ఫోటోలన్నీ అందులోకి ఎక్కించి, రెండో కాపీ ఇంకో బంధువు ఇంట్లో ఉంచండి. పాత ఫోటోలు గూగుల్ నుంచి తెచ్చుకోవడానికి 'టేకౌట్' అనే సౌకర్యం ఉంది. అడిగితే అన్నీ మూటగట్టి లింకు పంపుతారు. ఆన్‌లైన్‌లోనే కావాలంటే ఎంటే అనే సర్వీసు ఉంది. ఫోటోలు మన ఫోన్‌లోనే తాళం పడి అక్కడికి వెళ్తాయి.

డబ్బు: యూపీఐ

దేశంలో జరిగే యూపీఐ చెల్లింపుల్లో ప్రతి ఐదింట్లో దాదాపు నాలుగు ఫోన్‌పే, గూగుల్ పే రెండింటి గుండానే వెళ్తున్నాయి. ఒకదానికి ఎక్కువ వాటా వాల్‌మార్ట్‌ది, ఇంకోటి గూగుల్‌ది. ఏ యాప్‌కూ 30 శాతం మించకూడదని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ నిబంధన పెట్టింది గానీ, దాని గడువును 2026 డిసెంబర్ 31 దాకా పొడిగించింది.

మన డబ్బు బ్యాంకులోనే ఉంటుంది, యాప్ కిటికీ మాత్రమే. కాబట్టి మార్చడం చాలా తేలిక. ఎన్‌పీసీఐ వాళ్ల భీమ్ యాప్ గానీ, మీ బ్యాంకు సొంత యాప్ గానీ ఎక్కించి అదే నంబరుతో నమోదు చేసుకోవచ్చు. అంగట్లో అంటించిన ఫోన్‌పే క్యూఆర్‌ను భీమ్‌తో కూడా స్కాన్ చేయొచ్చు. ఇంటర్నెట్ లేకపోతే *99# కొట్టి మామూలు ఫోన్ నుంచి కూడా పంపొచ్చు. చిన్న వ్యాపారులు ఒక యాప్ క్యూఆర్ మీదే ఉండకుండా, బ్యాంకు ఇచ్చిన క్యూఆర్ ఇంకొకటి కౌంటర్ దగ్గర పెట్టుకోవడం మంచిది.

ఆండ్రాయిడ్‌నే మార్చేయొచ్చా?

లీనియేజ్ ఓఎస్, గ్రాఫీన్ ఓఎస్ లాంటివి ఉన్నాయి. ఇవి గూగుల్ యాప్‌లు లేని ఆండ్రాయిడ్‌లు. గ్రాఫీన్ పిక్సెల్ ఫోన్ల మీదే నడుస్తుంది. లీనియేజ్ చాలా పాత మోడళ్ల మీద ఎక్కుతుంది. కానీ ఎక్కించేటప్పుడు ఫోన్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, వారంటీ పోవచ్చు, కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు. ఇంట్లో ఉన్న ఒకే ఫోన్ మీద ఈ ప్రయోగం వద్దు. పక్కన పడేసిన పాత ఫోన్ ఉంటే, తెలిసిన కుర్రాడు ఉంటే, దాని మీద నేర్చుకోవచ్చు.

చట్టం ఎక్కడిదాకా వచ్చింది?

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు ఇచ్చింది. ఆండ్రాయిడ్ ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేసిందని కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబర్‌లో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ ఆ జరిమానాను నిలబెట్టింది గానీ, ముందే వచ్చే గూగుల్ యాప్‌లను తీసేసుకునే వీలు కల్పించాలన్న ఆదేశాన్ని కొట్టేసింది. మన ఫోన్‌లో 'అన్‌ఇన్‌స్టాల్' బదులు 'డిసేబుల్' కనిపించడం వెనక ఈ కథ ఉంది. వాట్సాప్ 2021 ప్రైవసీ విధానం మీద మెటాకు 2024 నవంబర్‌లో 213.14 కోట్ల జరిమానా పడింది. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లో వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబర్‌లో ప్రకటించారు. కేసులు ఏళ్ల తరబడి నడుస్తాయి. మన కాగితం పని ఒక సాయంత్రం చాలు.

ఒక నెలలో ఇలా చేసుకోవచ్చు

మొదటి వారం: పాస్‌వర్డ్, రికవరీ, బ్యాకప్ కోడ్‌లు, లొకేషన్ అనుమతులు. ఇంట్లో ప్రతి ఫోన్‌కూ.
రెండో వారం: ఫోటోలు పెన్‌డ్రైవ్‌లోకి, నంబర్లన్నీ ఒక ఫైలుగా దించుకోవడం, ముఖ్యమైన ఇరవై నంబర్లు డైరీలో చేత్తో రాయడం.
మూడో వారం: నమాజ్ యాప్, బ్రౌజర్, కీబోర్డు, మ్యాపు మార్చడం. భీమ్ గానీ బ్యాంకు యాప్ గానీ రెండోదిగా పెట్టుకోవడం.
నాలుగో వారం: ఇంటి సిగ్నల్ గ్రూపు, కొత్త మెయిల్.

మొదటి రెండు వారాల పని చేసి ఆగిపోయినా నష్టం లేదు, అసలు ముప్పు అక్కడే తగ్గుతుంది. మన ఇళ్లల్లో ఎవరైనా బంగారం దాచమని ఇస్తే అమానత్ అని ఎంత జాగ్రత్తగా పెడతాం! ఫోన్‌లో మనతో పాటు మూడు వందల మంది నంబర్లు, వాళ్ల పిల్లల ఫోటోలు, వాళ్లు చెప్పుకున్న మాటలు ఉన్నాయి. అవీ అమానతే.

మా అమ్మీ కొత్త ఫోన్ బ్యాకప్ కోడ్‌ల కాగితం ఇప్పుడు బీరువాలో పాస్‌పోర్టు పక్కనే ఉంది. ఈ రాత్రి భోజనాలయ్యాక మీ ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ తీసుకుని రికవరీ మెయిల్ ఎవరిదో ఒకసారి చూడండి.